ఆరో ముడి

ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ఐదే. బెర్తో పడవ ముక్కు ఇసుకలో దిగబడగానే కిండర్‌గార్టెన్ పిల్లలు ఒకరి వెనక ఒకరు దిగారు. బడి నుంచి పట్టుకొచ్చిన నీలం నైలాన్ తాడు ఇంకా వాళ్ల చేతుల్లోనే ఉంది, ముడికొక పిడికిలి, ఐదు ముళ్లు, ఐదు పిడికిళ్లు, ఐదు జతల తడి కాళ్లు. ఆరో జత లేదు. ఎర్ర చెప్పులేసుకున్న కాళ్లు, కుడి చెప్పు పట్టీ తెగితే పొద్దున నేను పిన్నీసు పెట్టి పంపిన కాళ్లు, అవి లేవు. పడవలో ఉందేమో, అలలకు కడుపులో తిప్పి చెక్కల మధ్య ముడుచుకుని పడుకుందేమో అని మోకాళ్ల లోతు నీళ్లలోకి వెళ్లి తొంగిచూశాను. నీళ్లు తోడే డబ్బా, పెట్రోలు క్యాను, కుళ్లిన కొబ్బరికాయ ఒకటి. నా చేతిలో జోవీ వానకోటు ఉంది. ఐదేళ్ల పిల్ల వానకోటు ఎంతని, నాలుగు మడతలు పెడితే గుప్పిట్లో ఇమిడిపోతుంది.

"జోవీ ఏది?" అన్నాను.

బెర్తో ఇంజను ఆపి తల గోక్కున్నాడు. నా మొగుడికి చిన్నాన్న కొడుకు. "జోవీ కిండర్ కాదు కదా వదినా? ఒకటో తరగతి బల్ల మీద కూర్చుంటోంది కదా. ఇంకా ఒకటో నంబరు తుపాను సిగ్నలే పడింది. కిండర్ వాళ్లనే ఇంటికి పంపించారు."

"హాజరు పట్టీలో కిండరే."

"పట్టీ సంగతి నాకేం తెలుసు? నేను ముళ్లు చూసుకున్నా. ఐదు ముళ్లు, ఐదుగురు పిల్లలు. సరిపోయింది. పడవ తాడు విప్పా, వచ్చేశా."

సరే. అయితే బడిలోనే ఉంది. అవతలి ఒడ్డున కొండ మీద, సిమెంటు గదిలో, ఒకటో తరగతి బల్ల మీద. ఎప్పుడు తుపాను వచ్చినా మా కంబాయో దీవి మొత్తం వెళ్లి తలదాచుకునేది ఆ బడిలోనే. అంతకంటే గట్టి చోటు ఎక్కడుంది? ఊపిరి పీల్చుకున్నాను, సగమే పీల్చుకున్నాను, ఎందుకంటే బెర్తో ఇంకా తల గోక్కుంటూనే ఉన్నాడు.

"అవునూ," అన్నాడు. "నేను అక్కడి రేవు వదిలాక వెనక్కి చూస్తే ఒక చిన్నది గట్టు మీద నిలబడి ఉంది. చెయ్యి ఊపింది. టాటా చెప్తోంది కాబోలనుకుని నేనూ ఊపా."

"కాళ్లకి ఏమున్నాయి?"

"ఏమో వదినా. దూరం కదా." కొండ వైపు తిరిగి చూశాడు. "ఎర్రగా ఏవో ఉన్నాయి."

అప్పుడు నాకు మొత్తం కళ్లకు కట్టినట్టు కనిపించింది. చూడకూడదనుకున్నా కనిపించింది. రేడియోలో సిగ్నల్ ఒకటి అనగానే రెమీ మేడం పట్టీ తీసి ఉంటుంది. కిండర్ కింద ఆరు పేర్లు. ఆరు పేర్లూ పిలిచి ఉంటుంది. చాప మీది ఐదుగురు అప్పటికే తాడు పట్టుకుని గుమ్మం దాటేసి ఉంటారు, జోవీ బల్ల దిగి, సంచి సర్దుకుని, చెప్పులు వెతుక్కుని, వెనకాల ఒంటరిగా ఎనభై నాలుగు మెట్లు దిగి ఉంటుంది. మేడం పట్టీలో ఆరు టిక్కులు పెట్టి మూసేసి ఉంటుంది. మేడం లెక్కలో జోవీ బెర్తోతో ఉంది. బెర్తో లెక్కలో జోవీ మేడంతో ఉంది. ఇద్దరి లెక్కా సరిగ్గానే ఉంది. నా కూతురు మాత్రం రేవు గట్టు మీద ఉంది, అలలు గట్టెక్కుతున్నాయి, ఆ సంగతి ఈ భూమ్మీద నా ఒక్కదానికే తెలుసు. ఫోను తీశాను. పొద్దుటి నుంచి టవర్ లేదు. లేదని తెలిసీ మూడుసార్లు నొక్కాను.

మా ఊరి పెద్ద కపితాన్ ఇసుకలో పరుగెత్తుకుంటూ వచ్చాడు, చేతిలో మైకు, అది పనిచేయడం లేదని మరిచిపోయి అందులోనే అరుస్తున్నాడు. సిగ్నల్ రెండు పడింది, సాయంత్రానికి మూడంటున్నారు, ఊరంతా బడికి దాటాలి, మొదటి పడవలో చిన్నపిల్లలు, వాళ్లకు తోడు ఇద్దరు ఆడవాళ్లు, మిగతావాళ్లు తర్వాతి విడతల్లో. అంటే ఇప్పుడే దిగిన ఈ ఐదుగురూ మళ్లీ ఎక్కాలి. సిగ్నల్ ఒకటి పడితే చిన్నవాళ్లను ఇంటికి పంపాలన్న రూలు ఎవరు రాశారో, వాళ్ల ఇల్లు బడి కంటే గట్టిగా ఉండి ఉంటుంది. ఇస్కా అవ్వ తన మూటతో వచ్చి పడవ పక్కన నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది. "పొద్దున పట్టుకెళ్లారు, ఇప్పుడు తెచ్చారు, మళ్లీ పట్టుకెళ్తున్నారు. వీళ్లు పిల్లలా, చేపల బుట్టలా?" నేను అప్పటికే పడవలో ఉన్నాను. ఎక్కేటప్పుడు ఎవరి చేయి పట్టుకున్నానో, ఎవరి కాలు తొక్కానో గుర్తు లేదు. "పోనీ బెర్తో, పోనీ" అంటున్నాను, ఇంజను ఇంకా అంటుకోనే లేదు.

మామూలు రోజున ఈ దాటుడు పదిహేను నిమిషాలు. ఇవాళ ఎంతసేపో అలలు చెప్పాలి. పడవకు రెండు పక్కలా ఉన్న వెదురు రెక్కల్లో ఎడమది నీళ్లలో మునిగి లేచినప్పుడల్లా కీచుమంటోంది. నేను జోవీ వానకోటు నడుములో దోపుకుని డబ్బాతో నీళ్లు తోడుతున్నాను. ఒక డబ్బా, ఇంకో డబ్బా, ఎదురుగా కొండ కనిపిస్తోంది, వాన తెర పడుతోంది, కొండ పోతోంది, మళ్లీ వస్తోంది. రేవు కనిపించడం లేదు. రేవు గట్టు ఎత్తు నాకు నడుం దాకా ఉంటుంది. పోటు సమయంలో అడుగు తగ్గుతుంది. ఇవాళ పోటు మూడు గంటలకు. ఇప్పుడెంత? గడియారం చూడను. జోవీకి నీళ్లంటే భయం లేదు, అదే నా భయం. ఈదడం వచ్చనుకుంటుంది, కుక్కపిల్లలా నాలుగు బారలు కొడుతుంది, ఐదో బారకు నవ్వుతుంది, నవ్వితే నోట్లోకి నీళ్లు పోతాయి. అక్కడే నిలబడి ఉండు తల్లీ. వద్దు, అక్కడ నిలబడకు, పైకి పో. మెట్లెక్కి పో. ఎనభై నాలుగు లెక్కపెట్టడం వచ్చుగా నీకు, వంద దాకా వచ్చని అందరికీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టేలా తిరిగాను కదా నేను, లెక్కపెట్టుకుంటూ పైకి పో.

ఆ గొప్పే ఇంత తెచ్చింది. జూన్‌లో బడి తెరిచిన రోజు ఆ గది గుమ్మంలో నిలబడ్డప్పుడే నాకు భయమేసింది. ఒకే గది, మూడు క్లాసులు. ఒకే నల్లబల్ల, దాని మీద సుద్దతో నిలువునా రెండు గీతలు. ఎడమ ముక్క కిండర్‌కి, మధ్యది ఒకటో తరగతికి, కుడిది రెండుకి. కిటికీ కింద చాప మీద ఆరుగురు, మధ్యలో బల్లలు, తలుపు దగ్గర ఇంకొన్ని బల్లలు, అంతా కలిపి ఇరవై ఒక్క మంది, రెమీ మేడం ఒక్కతే. ఒక ముక్క ముందు నిలబడి పాఠం చెబుతుంది, వాళ్లకు ఏదో రాయమని చెప్పి పక్క ముక్క ముందుకు జరుగుతుంది. అలా జరిగినప్పుడు వెనక వదిలేసిన పిల్లలను ఎవరు చూస్తారు? నేను పట్నంలో మా పిన్ని దగ్గర చదువుకున్నదాన్ని, మా బడిలో గదికొక క్లాసు, క్లాసుకొక టీచరు, ఆమె చూపు మా మీద నుంచి పక్కకు పోతే కదా ఎవరైనా కిటికీ ఎక్కడానికి. ఇక్కడ మేడం చూపు రోజులో మూడో వంతే నా కూతురిది. మిగతా రెండు వంతులూ దానికి ఎవరు? అదే అడిగాను. "పెద్దపిల్లను చిన్నపిల్లకు జత కడతాం మిందా," అంది ఆవిడ. "మల్టీగ్రేడ్ అంటే అదే. పెద్దవాళ్లకు బాధ్యత వస్తుంది, చిన్నవాళ్లకు తోడుంటుంది." అంటూ తలుపు దగ్గరి బల్ల వైపు చూపించింది. జోవీకి జత డిగ్నా.

డిగ్నా ఇస్కా అవ్వ మనవరాలు. తొమ్మిదేళ్లు, రెండో తరగతిలో మూడో ఏడు. భుజాలు వెడల్పు, మాట తక్కువ, అక్షరాలు ఇంకా తలకిందులుగా రాస్తుంది. ఏదైనా చెబితే చెప్పినంతే చేస్తుంది, అంతకు పిసరు ఎక్కువా చేయదు, తక్కువా చేయదు. అప్పుడే చెప్పాల్సింది నేను, వద్దని. చెప్పలేదు. ఆగస్టులో ఒక సాయంత్రం జోవీ అన్నం ఎడమ చేత్తో కలుపుతోంది. కుడి చేయి వీపు వెనక దాచింది. లాగి చూస్తే మణికట్టు చుట్టూ ఎర్రటి గీత. జడరిబ్బనుతో బల్ల కాలికి కట్టేసిందట డిగ్నా. మర్నాడు నేను బడికి వెళ్లిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. క్లాసు మధ్యలో, ఇరవై ఒక్క మంది ముందు అడిగాను. ఎందుకు కట్టావే? డిగ్నా లేచి నిలబడి నేల చూస్తూ, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "చూసుకోమంది మేడం. నాకు లెక్కలు చెప్పేటప్పుడు నేను నల్లబల్ల చూడాలి. అప్పుడు దీన్ని చూడలేను. అందుకని కట్టా." నేను ఆ పిల్లను ఒక మాట అన్నాను. మొద్దు అన్నాను. ఇంకోటి కూడా అన్నాను, అది ఇప్పుడు ఈ సముద్రం మీద తలుచుకోను.

ఇస్కా అవ్వ నా పక్కనే కూర్చుని ఉంది. ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. మూట ఒళ్లో పెట్టుకుని, దాని మీద ఒక కిండర్ పిల్లాణ్ని పెట్టుకుని, నోటికి వచ్చిన దేవుళ్లందరినీ తలుస్తోంది. నా వైపు చూడకుండానే అంది, "మీ పిల్ల ఒకటో తరగతి బల్లెక్కిందిగా. ఇంకేం భయం? పైన ఉంటుంది." నేను ఇంకో డబ్బా నీళ్లు తోడాను. ఆమె ఇంకొంచెం గట్టిగా అంది, "మా మొద్దుది కూడా పైనే ఉంది. తలుపు దగ్గర. కదలమంటే తప్ప కదలదు. మొద్దుదాన్ని కంటే అదొక సుఖం." అల వచ్చి మా ఇద్దరి ముఖాల మీదా కొట్టింది. ఉప్పునీళ్లు తుడుచుకునే నెపంతో కళ్లు తుడుచుకున్నాను.

డబ్బా చేజారింది, వంగి వెతుకుతుంటే చేతికి ఆ నీలం తాడు తగిలింది. పిల్లలు ఇంకా పట్టుకునే ఉన్నారు. మేడం వదలమనేదాకా వదలరు. తాడు కొస నా వేళ్ల మధ్యకు వచ్చింది. ఐదో ముడి దాటాక జానెడు దూరంలో నైలాన్ వంకర తిరిగి ఉంది, ఎంత లాగినా సాపు కాదు. అక్కడ ఒకప్పుడు ముడి ఉండేది. నాకు తెలుసు. ఆ ముడి విప్పుతుంటే నేను ఎదురుగా నిలబడి చూశాను. "తాడేమిటి మేడం, మా పిల్లేమైనా మేకపిల్లా?" అన్నాను ఆ రోజే, ఆ కోపంలోనే, "వంద దాకా లెక్కపెట్టే పిల్లను చాప మీద బొమ్మలకు రంగులు వేయమంటారా? అన్నీ ఒకే గదిలో ఉన్నప్పుడు ఒకటో తరగతి బల్ల మీద కూర్చోబెడితే మీ సొమ్మేం పోయింది?" రెమీ మేడం అలసిపోయి ఉంది, తల నిండా సుద్ద. "పట్టీ మార్చడానికి నాకు హక్కు లేదు మిందా. సీటు మారుస్తా. పట్టీలో కిండరే ఉంటుంది." సీటు చాలు అన్నాను. డిగ్నాకు దూరంగా చాలు అన్నాను. మేడం తాడు తీసి ఆరో ముడి విప్పబోయింది, నైలాన్ కదా, బిగిసిపోయింది, చివరికి పళ్లతో లాగింది. నేను గెలిచినట్టు ఇంటికి వచ్చాను. ఆ వారమంతా రేవులో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. బెర్తోకి కూడా చెప్పాను. మా జోవీ ఇక తాడు పట్టుకోదు బెర్తో, ముళ్లు ఇక ఐదే, గుర్తు పెట్టుకో. గుర్తు పెట్టుకున్నాడు పాపం. నేను చెప్పిందే చేశాడు.

"ఆంటీ," అంది నా మోకాలి దగ్గర ఒక గొంతు. మారిట్, కిండర్ పిల్ల, మూడో ముడి దానిది. "జోవీ పరిగెత్తుకుంటూ వచ్చింది. మేం పడవలో ఉన్నాం. బెర్తో ఇంజను చూసుకుంటున్నాడు."

"వచ్చాక?"

"ఎక్కుతానంది."

"ఎక్కుతానంటే?"

"ముడి లేనోళ్లు పడవెక్కకూడదని మేడం చెప్పింది కదా," అంది మారిట్, మంచి మార్కులు వచ్చిన పిల్ల చెప్పినట్టు. "అదే చెప్పాం. వెతికింది. ముడి లేదు. ఆగిపోయింది."

ఆగిపోయింది. నా కూతురు అల్లరిది, కిటికీ ఎక్కే పిల్ల, కానీ మేడం మాట అంటే మాటే. ముడి లేదు కాబట్టి ఆగిపోయింది. మళ్లీ వస్తారులే అని చెయ్యి ఊపింది. టాటా కాదు అది, బెర్తో. పిలుపు. ముడి ఉన్న తాడు ఎవరైనా తెచ్చేదాకా అక్కడే నిలబడమంటే నిలబడుతుందా? నిలబడుతుంది. నీళ్లు మోకాలికి వచ్చినా? ఎవరూ పొమ్మనలేదు కదా. పైకి వెళదామంటే పైన మేడం ఇంటికి పొమ్మంది, కిందికి వెళదామంటే కింద ముడి లేదు. పైనున్న లెక్కలోంచి దిగిపోయింది, కిందున్న లెక్కలోకి ఎక్కలేకపోయింది. నేనే కదా దాన్ని ఆ రెంటి మధ్యా కూర్చోబెట్టింది. వేళ్లు వాటంతట అవే ఆ వంకర దగ్గర తాడును మడిచి ముడి వేయబోయాయి, పడవ ఎగిరింది, ముడి జారిపోయింది. అప్పుడే ఇంజను ఆగింది.

ఇంజను ఆగితే సముద్రం ఎంత చప్పుడు చేస్తుందో అప్పటిదాకా నాకు తెలియదు. బెర్తో బూతులు తిడుతూ గొట్టం విప్పి నోటితో ఊదుతున్నాడు. పడవ అడ్డం తిరిగింది. ఎడమ రెక్క నీళ్లలోకి పోయి, పోయి, రాలేదు, ఇస్కా అవ్వ "అందరూ కుడికి! కుడికి రండర్రా!" అని అరిచింది, పిల్లలందరూ తాడుతో సహా ఒక్క ముద్దగా కుడికి పడ్డారు, రెక్క లేచింది. నా ఒళ్లో ముగ్గురున్నారు. వాళ్లు ఎవరి పిల్లలో చూడలేదు, గట్టిగా పట్టుకున్నాను. ఒక ఆలోచన వచ్చింది, సిగ్గు లేని ఆలోచన: ఈ పడవ మునిగితే గట్టు మీద జోవీ ఉందని చెప్పడానికి ఎవరూ మిగలరు. నేను చచ్చిపోవడం గురించి కాదు. ఆ ఒక్క కబురు నాతో మునిగిపోతుందని. అవ్వ చెవిలో అరిచాను, "జోవీ పైన లేదు! రేవులో ఉంది! ఒక్కతే ఉంది! నాకేమైనా అయితే నువ్వు చెప్పు!" అవ్వ నా ముఖంలోకి చూసింది, ఆగస్టు తర్వాత మొదటిసారి. తన మూట విప్పింది. మారు బట్టలు, బియ్యం సంచి, ఏదీ చూడకుండా మూట మొత్తం ఎత్తి సముద్రంలో పారేసింది, అడుగున దొర్లుతున్న డబ్బా అందుకుని తోడడం మొదలుపెట్టింది. "బెర్తోగా! ఊదు! నీ పెళ్లిలో బాకా ఊదినట్టు ఊదరా!" ఇంజను దగ్గింది. మళ్లీ దగ్గింది. అంటుకుంది.

వాన తెర ఒక్కసారి పక్కకు తప్పుకుంది, రేవు కనిపించింది. కనిపించిందంటే, రేవు ఉండాల్సిన చోట పడవలు కట్టే స్తంభాలు కనిపించాయి, గట్టు లేదు. గట్టు మీద తెల్లగా నురగ. ఎవరూ లేరు. స్తంభాలు నాలుగు, లెక్కపెట్టాను, ప్రతిదాని వెనకా చూశాను. ఎవరూ లేరు. రెండో స్తంభానికి చుట్టిన తాడులో ఏదో ఎర్రగా ఇరుక్కుని అలతో పాటు లేస్తోంది, పడుతోంది. నేను చూడను. చూశాను. పట్టీకి పిన్నీసు ఉంది.

"దూకకు వదినా! రాళ్లున్నాయి!" బెర్తో అరుస్తున్నాడు, నేను అప్పటికే నీళ్లలో ఉన్నాను. నడుం దాకా, ఛాతీ దాకా, మళ్లీ నడుం దాకా. చెప్పు నా చేతిలో ఉంది. జోవీ అని పిలవబోతే నోట్లోకి ఉప్పునీళ్లు. గట్టు అంచు మోకాలికి కొట్టుకుంది. ఎటు? ఎడమ పక్క సముద్రం, కుడి పక్క సముద్రం, ఎదురుగా మెట్లు. మొదటి మెట్టు మీద ఏమీ లేదు. రెండో మెట్టు మీద ఏమీ లేదు. చెప్పు ఒకటే ఉంది, రెండోది ఏది, రెండోది కాలికి ఉందంటే కాలు ఎక్కడుంది, ఆలోచించకు, చెప్పును చూడకు, మెట్లు చూడు. అప్పుడు వినిపించింది. రేకు మీద కొడుతున్న చప్పుడు. గాలికి రేకు కొట్టుకుంటే ఒక తీరుగా ఉండదు. ఇది ఒక తీరుగా ఉంది. ఠన్, ఠన్, ఠన్, ఆగి, మళ్లీ మూడు. బడి గంట కొట్టే తీరు.

మెట్ల పక్కన, ఇరవై అడుగుల ఎత్తులో, ఎండుకొబ్బరి ఆరబెట్టే రేకుల కొట్టం. అది తలుపు లేని కొట్టం. లోపల, నిట్రాడను ఒక చేత్తో చుట్టేసుకుని, రెండో చేత్తో కొబ్బరి చిప్పతో రేకు గోడను కొడుతూ డిగ్నా. ఆ రెండో చేతి మణికట్టుకు జడరిబ్బను, రిబ్బను రెండో కొసన జోవీ మణికట్టు. డిగ్నా చేయి ఎత్తి కొట్టినప్పుడల్లా నా కూతురి చేయి కూడా పైకి లేచి దిగుతోంది. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. పెదాలు నీలం. ఏడవడం లేదు. నన్ను చూశాక ఏడ్చింది.

నేను దాన్ని ఎలా పట్టుకున్నానో చెప్పలేను. పట్టుకుంటే డిగ్నా కూడా వచ్చింది, ఇద్దరూ కట్టేసి ఉన్నారు కదా. రిబ్బను ఎంత బిగించిందో, జోవీ వేళ్లు వంకాయ రంగుకు తిరిగాయి. విప్పబోయాను. డిగ్నా చేయి వెనక్కి లాక్కుంది. "మేడం లెక్కపెట్టేదాకా విప్పను," అంది నేల చూస్తూ.

ఇస్కా అవ్వ పిల్లలను తోలుకుంటూ ఆయాసంతో కొట్టం దగ్గరికి వచ్చి, మనవరాలిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె లెక్కలో డిగ్నా పైన బల్ల మీద ఉంది. "నువ్వెందుకొచ్చావే ఇక్కడికి?"

"మేడం ఆరు పేర్లు పిలిచింది," అంది డిగ్నా. "తాడుకు ఐదే ముళ్లు. ఒకటి మిగుల్తుంది. అందుకని వచ్చా."

"మేడంతో చెప్పొచ్చుగా!"

డిగ్నా అవ్వ వైపు ఆశ్చర్యంగా చూసింది, ఇంత తెలియనిదేమిటి అన్నట్టు. "మేడం ఒకటో తరగతికి చెప్తోంది. ఇంకో తరగతికి పాఠం చెప్పేటప్పుడు పిలవకూడదు."

 గాలికి రేకు ఒకటి పైకి లేచి పడింది. జూన్ నుంచి నన్ను తింటున్న భయానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? ఇద్దరు పిల్లలు ఆ గదిలోంచి సముద్రంలోకి నడిచి వెళితే చూసేవాళ్లు లేరు. నా భయం నిజమే. ఆ నిజాన్ని ఈ అక్షరాలు రాని పిల్ల ఒక్కతే లెక్క కట్టి, మేడం పాఠానికి అడ్డం రాకుండా, చెప్పినంతే, పిసరు ఎక్కువ చేయకుండా, జడరిబ్బను విప్పుకుని మెట్లు దిగింది. ఆ పిల్లతో ఏదో అనాలి. నోటికి వచ్చిన మాటలన్నీ చిన్నవి. జోవీ వానకోటు ఇంకా నా నడుములోనే ఉంది. అది డిగ్నా భుజాలకు చాలదు. అయినా నెత్తి మీద కప్పాను. ఆ పిల్ల తీసేయలేదు.

పైకి పోవాలి. బెర్తో రెండో విడత కోసం అప్పుడే పడవ తిప్పేశాడు. ఐదుగురూ తాడు పట్టుకుని మెట్ల మీద వరస కట్టారు. జోవీని ఎత్తుకోబోతే గింజుకుని దిగింది, తాడు దగ్గరికి వెళ్లి, ఐదో ముడి దాటి, ఒట్టి చోట వేళ్లు పెట్టి వెతికింది. "ముడేది?" అంది. ఇంకో అడుగు వేయలేదు. గాలి మమ్మల్ని కొండకు నొక్కి పెడుతోంది, కింద నీళ్లు మూడో మెట్టు దాటాయి, నా కూతురు ముడి లేనిదే కదలదు. నేను మెట్టు మీద మోకాళ్ల మీద కూలబడి తాడు తీసుకున్నాను. వంకర ఉన్న చోటే మడిచాను. తడి నైలాన్ రెండుసార్లు జారింది. మూడోసారి పళ్లతో పట్టి బిగించాను.

"ఏమే మిందా," అంది ఇస్కా అవ్వ నా తల మీద నుంచి, "మేకపిల్లకు తాడు కడుతున్నావా?"

"అవునవ్వా," అన్నాను. పళ్ల మధ్య నైలాన్ ఉంది. ఇంకో జానెడు వదిలి ఏడో ముడి కూడా వేశాను. డిగ్నా దాని వైపు చూసి, నా వైపు చూసి, తనదేనా అన్నట్టు ఒకసారి ఆగి, పట్టుకుంది.

ఎక్కుతున్నాం. పన్నెండు, పదమూడు. ముందు మారిట్ ఏదో లెక్క తప్పితే జోవీ వెనక నుంచి సరిదిద్దుతోంది. పైన తలుపు తెరిచి రెమీ మేడం నిలబడి ఉంటుంది, చంకలో ఆ పట్టీ ఉంటుంది, అందులో నా కూతురి పేరు ఎదురుగా ఎప్పుడో పెట్టేసిన టిక్కు ఉంటుంది. ఆమెతో ఏమంటానో నాకు తెలియదు. బెర్తో వెనక్కి వెళ్లాడు, ఆ ఇంజను మళ్లీ దగ్గుతుందేమో తెలియదు. ముప్పై ఒకటి, ముప్పై రెండు. ఐదు కాదు, ఆరు కాదు, ఏడుగురు. నాలుగు మెట్లకోసారి లెక్కపెడుతున్నాను. ఏడో ముడి తర్వాత తాడు ఇంకా మూరెడుంది, అక్కడ ముడేమీ లేదు, ఒట్టి తాడు, తడిసి జారుతోంది. దాన్ని నేను పట్టుకున్నాను. వేళ్లు తెరవాలంటే భయంగా ఉంది.